గడియ గుర్తుకు పన్నెండు ఓట్లు

ఎన్నికల డ్యూటీ చేసి వచ్చి నాలుగు రోజులైనా మూడో తరగతి టీచరుకు నడుం నొప్పి తగ్గలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇది ఏడోసారి. కంటినిండా నిద్రయినా పోకముందే హెడ్‌మాస్టరు పిలిచి, "మీకు అనుభవం ఉంది కదమ్మా, పిల్లలకి ఎన్నికలంటే ఏంటో నేర్పండి. నోటితో చెప్పడం కాదు, వాళ్ళ చేతే చేయించాలి. శుక్రవారానికల్లా అయిపోవాలి" అని చేతులు దులుపుకున్నారు.

సాయంత్రం ఆమె బూట్ల అట్టపెట్టెకు తెల్లకాగితం అంటిస్తుంటే, అత్తగారు ఎదురుగా కూర్చుని మూతకు చీలిక కోసి పెట్టింది.

"ఈ ఇంట్లో కూడా ఓ పెట్టె పెట్టవే. ఏ పూట ఏం వండాలో తేలిపోతుంది" అందావిడ.

"మీ అబ్బాయి రిగ్గింగ్ చేస్తాడత్తయ్యా" అంది టీచరు. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది గాని, టీచరుకు నవ్వే ఓపిక కూడా లేదు.

మర్నాడు క్లాసులో "లీడరుగా ఎవరు నిలబడతారు?" అనగానే మైకు లేచాడు. వాడు మామూలుగా మాట్లాడినా ఆటస్థలం అవతలికి వినపడుతుంది కాబట్టి వాడికా పేరు. రెండో చెయ్యి ఎవరిదో చూసి టీచరు కళ్ళద్దాలు సవరించుకుంది. గుసగుస! హాజరు పిలిస్తే పెదాలు కదిపే పిల్ల. ఆ కదలిక చూసే టీచరు టిక్కు పెడుతుంటుంది.

ఎవరి గుర్తు వాళ్ళే గీసుకోవాలంది. మైకు సైకిల్ గీశాడు. గుసగుస గీసినదాన్ని ముందు బెంచీవాళ్ళు అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

"గరిటా?"

"కాదు, గడియ. తలుపు గడియ" అంది గుసగుస.

గురువారం ప్రచారం. మైకు బల్లెక్కి, "నన్ను గెలిపిస్తే హోంవర్కు ఉండదు!" అని ఒక్కటే మాట అరిచాడు. క్లాసు దద్దరిల్లింది. తరవాత గుసగుస వచ్చి నిలబడింది. గౌను అంచు నలుపుతూ ఏదో చెప్పింది.

"వినపట్లేదు టీచర్!" అని వెనక బెంచీలు గోల.

పక్కనే ఉన్న టీచరుకు మాత్రం ప్రతి మాటా వినపడింది. "ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు. ఒకళ్ళు తలుపు పట్టుకుని నిలబడాలి. ఎవరూ రాకపోతే ఎలా? అందుకే నేను ఇంటికెళ్ళేదాకా నీళ్ళు తాగను."

ఆ మాటలు గట్టిగా తిరిగి చెబుదామని టీచరు నోరు తెరిచింది. కానీ పోలింగు అధికారి ఒకవైపు మాట్లాడకూడదు. ఏడుసార్లు సంతకం పెట్టిన నియమం అది. తెరిచిన నోరు మూసుకుంది. నియమం అడ్డొచ్చిందో, అలసట అడ్డొచ్చిందో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం బీరువా తలుపు తెరిచి దాని చాటున ఓటు వేయించింది. ఒక్కొక్కళ్ళ వేలికీ నీలం స్కెచ్ పెన్నుతో గీత పెట్టింది. ముప్ఫైఆరు మంది వేశారు. సైకిల్‌కి ఇరవై మూడు, గడియకి పన్నెండు. ఒక చీటీ మీద రెండింటికీ టిక్కు ఉంది. "ఇద్దరూ నా ఫ్రెండ్సే టీచర్" అని ఎవరో ఒప్పేసుకున్నారు కూడా.

మైకుని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించబోతే టీచరు ఆపింది. గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయినా గుసగుస మాత్రం బల్ల దగ్గరే నిలబడింది.

"టీచర్, ఓడిపోయినవాళ్ళు అడక్కూడదా?"

"ఏం అడుగుతావమ్మా?"

"గడియ."

"అడగొచ్చు. ఎవరైనా అడగొచ్చు."

"మీరు అడిగారా?"

టీచరు చీటీలు కట్ట కడుతున్నదల్లా ఆగిపోయింది. "అడిగాను. రెండుసార్లు. తరవాత మానేశాను."

"ఎందుకు?"

"అలిసిపోయాను తల్లీ" అంది. చిన్నపిల్లకు చెప్పవలసిన జవాబు కాదది. చూస్తూ చూస్తూ ఇంతకాలం ఊరుకున్నానే అని ఆమెకు సిగ్గేసింది.

సోమవారం ఉదయం మైకు ఏడుపు మొహంతో వచ్చాడు. హోంవర్కు ఎప్పుడు ఆపుతావని క్లాసంతా వాణ్ణి పీక్కు తింటోంది.

"అది నీ చేతుల్లో లేదురా. నా చేతుల్లోనూ లేదు" అంది టీచరు. "లీడరంటే అందరి తరఫునా మాట్లాడాలి. నీకు ఓటు వెయ్యనివాళ్ళ తరఫున కూడా. గుసగుసకి ఏం కావాలో కనుక్కో."

పది నిమిషాల తరవాత ముగ్గురూ హెడ్‌మాస్టరు గది ముందున్నారు. లోపల నలుగురు తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించడానికి వచ్చి కూర్చున్నారు.

"ఏంటమ్మా, తరవాత రాకూడదూ?" అన్నారాయన.

గుసగుస మైకు చెవిలో చెప్పింది. మైకు ఊపిరి పీల్చుకుని అందుకున్నాడు. "సార్! ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు సార్! ఈ అమ్మాయి పొద్దున్నుంచీ నీళ్ళే తాగదు సార్!"

వరండా చివరి గదిలో పాఠం ఆగిపోయింది. వచ్చిన తల్లుల్లో ఒకావిడ చేతిలోని ఫారం బల్ల మీద పెట్టేసింది. హెడ్‌మాస్టరు ముఖం కందగడ్డయింది.

"ఆట ఆటలా ఉండాలమ్మా" అన్నారు టీచరు వైపు తిరిగి, గొంతు తగ్గించి.

"ఆట అయిపోయింది సార్. ఇది నేను అడుగుతున్నది. మూడోసారి" అంది టీచరు.

వడ్రంగి రేపొస్తానని, ఎల్లుండొస్తానని, చివరికి గురువారం భోజనాల వేళ వచ్చాడు. గడియ బిగించి, స్క్రూడ్రైవరు సంచిలో పడేశాడు. గుసగుస మునివేళ్ళ మీద లేచినా చెయ్యి అందలేదు.

"కిందకి దించాలయ్యా" అంది టీచరు.

"పెద్దాళ్ళకి వంగాల్సి వస్తుందండీ."

"వంగుతాంలే."

అతను గొణుక్కుంటూనే స్క్రూలు విప్పాడు. సగంలో వదిలేసి వెళ్ళిపోతాడేమోనని టీచరు అక్కడే మెట్టు మీద కూర్చుంది. నడుం సలుపుతూనే ఉంది. టిఫిన్ డబ్బా ఇంకా మూత తియ్యనేలేదు. దిద్దాల్సిన నోటు పుస్తకాలు ముప్ఫైఆరూ బల్ల మీదే ఉన్నాయి. వడ్రంగి పని ముగించి వెళ్ళాక లోపలినుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. తీశారు, మళ్ళీ వేశారు. బయట ఆడపిల్లలు వరసలో నిలబడి, తర్వాత ఎవరి వంతో తేల్చుకోలేక పోట్లాడుకుంటున్నారు. వాళ్ళను ఆపాలంటే లేవాలి. ఇంకో నిమిషం కూర్చుని లేద్దామనుకుంది.