రంగు వదిలిన తువాలు

కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఒక్క ఊపున లాగింది. చొక్కా ముడత పోయింది. ఆమె నొసటి ముడత పోలేదు. లాండ్రీ వెనకగదిలో ఇస్త్రీ చేసే ఈ స్త్రీని అందరూ అక్క అనే పిలుస్తారు. సొంత చెల్లెలి పనీ నిన్నటిదాకా అక్కడే, మడతల బల్ల దగ్గర.

తండ్రి నుంచి ఇద్దరికీ సంక్రమించిన ఆస్తి మొటిమలే. చెల్లెలు తన వాటా వదులుకుంది. డాక్టరు చెప్పినట్టే పొద్దున తిన్నాక గ్లాసుడు నీళ్లతో ఒక మాత్ర, రాత్రి మొహానికి పల్చగా జెల్. తోడు రమ్మంటే అక్క, ఈ వయసులో నాకు సోకులా అని నవ్వేసింది. నెలలు గడిచేసరికి చెల్లెలి చెంపలు నునుపు తేలాయి. అక్కకు నవ్వు మిగల్లేదు.

అంతలో లాండ్రీ యజమాని పక్క ఊళ్లో తెరిచిన కొత్త కొట్టు కౌంటరుకు మనిషి కావలసివచ్చింది. ఫ్యాను కింద కుర్చీ, ఆవిరి లేని గాలి. ఏళ్లుగా అక్క కలగన్న కుర్చీ అది. యజమాని చెల్లెలిని పిలిచి, అక్కడే గది కూడా ఉంది, నువ్వు చూసుకో అన్నాడు. అక్క గడ్డం కేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. మొహం వల్ల వచ్చిన మొహమాటం.

ఈ పొద్దున చెల్లెలు స్నానానికి వెళ్లగానే అక్క ఆ జెల్ ట్యూబు మూత తీసింది. మొండి మరకకు మందు దట్టంగా పట్టించి బ్రష్షుతో రుద్దడం ఆమెకు చేతనైన విద్య. చెంపలకూ అదే చేసింది. పనిలోకి వచ్చేసరికి కడుపులో మంట మొహానికెక్కింది.

మధ్యాహ్నం చెల్లెలు కొత్త కొట్టుకు బయల్దేరి, సంచి భుజాన వేసుకుని చెప్పిపోదామని వచ్చి, ఆ ఎరుపు చూసి ఆగింది.

"నా జెల్ రుద్దావా?"

"నీ సొమ్మేం అరిగిపోలేదులే."

"అది మరక కాదక్కా, చర్మం." తడిగుడ్డ చెంపకు ఆనించింది. "నీకు ఏ మందు పడుతుందో డాక్టరు చెప్పాలి. సెలవు రోజు నేనొచ్చి తీసుకెళ్తా. నా తువాలు మేకుకే ఉంచా, అదే వాడుకో. ఆ జెల్ తగిలితే గుడ్డ రంగు పోతుంది, మంచివి పాడుచేసుకోకు."

అక్క తడిగుడ్డ తన చేతిలోకి తీసుకుంది.

"వెళ్లు, బస్సు పోతుంది."

చెల్లెలు వెళ్లిపోయింది.

సాయంత్రం గదిలో అక్క వేలు అలవాటుగా ఆ తువాలు మీదికి పోయింది. ఏ మరకనైనా వదిలించే వేలు. వదిలిపోయిన రంగు దగ్గర ఊరికే నిలబడింది. నీలం గుడ్డ మీద తెల్లగా రెండు చెంపలు, ఒక గడ్డం.