సానపట్టిన జాడీలు

జాడీ అందం చూసి మురిసిపోయేవాడు కొనుక్కునేవాడు. దాన్ని తిరగేసి అడుగు చూసేవాడు మా ఊరివాడు. అమెరికాలో మస్కింగమ్ నది ఒడ్డున మట్టిని నమ్ముకుని బతికిన ఊరు మాది. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా ముందు పళ్ళెం తిరగేసి ఏ బట్టీదో చూస్తాం. తర్వాతే బంగాళాదుంపలు వడ్డించుకుంటాం.

మా అమ్మ ఓటిలీ క్రౌస్, లాథ్రప్ కార్ఖానాలో పూలజాడీల మీద బొమ్మలు వేసేది. ఎక్కువగా కొంగలు. కొంగ కంటికి రంగు పెట్టేది కాదు, ఆ చుక్కంత చోటు వట్టి మట్టిగా వదిలేసేది. బట్టీలోంచి బయటికొచ్చాక ఆ కన్ను మనల్నే చూసేది. జాడీ పచ్చిగా ఉన్నప్పుడే అడుగున ఒక సున్నా గీసి, దాని లోపల ఇంటిపేరు మొదటి అక్షరం గీసేది. అదే ఆమె సంతకం.

బొమ్మలు వేసే గదిలో కిటికీలు తెరవనిచ్చేవాళ్ళు కాదు. గాలి తగిలితే పచ్చి జాడీలు బీటలిస్తాయట. లోపల దుమ్ము పీల్చి ఆడవాళ్ళ ఊపిరితిత్తులు బీటలిచ్చినా పర్వాలేదు. ఒకరోజు అమ్మ లేచి, కిటికీ తెరవమని అడిగింది. మిగతా ఆడవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. సాయంత్రానికల్లా యజమాని ఎజ్రా లాథ్రప్ ఆమెను గేటు బయటికి గెంటించాడు. అంతటితో ఆగాడా? గోదాములో ఉన్న ఆమె జాడీలన్నిటి అడుగులూ సానరాయికి పెట్టించి గుర్తు చెరిపించాడు. తన పేరున్న కాగితం అంటించి ప్రదర్శనకు పంపి పతకం కొట్టేశాడు. అమ్మ హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ, దగ్గి దగ్గి చచ్చిపోయింది. నేను క్షమించలేదు. క్షమించమన్న పాస్టర్ గారి చర్చికి వెళ్ళడం కూడా మానేశాను.

నాకు తల నెరిసే నాటికి పాత జాడీలకు గిరాకీ వచ్చింది. ఎజ్రా మనవడు ఎల్డన్, ప్రతి జులైలో జరిగే కుండల పండుగలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. జనం తెచ్చిన జాడీలు తిరగేసి ఏది ఎవరు చేశారో చెబుతాడు. అతని మాటే శాసనం. అతని వెనక అద్దాల బీరువాలో మా అమ్మ కొంగలు. పైన బంగారు అక్షరాల చెక్క: ‘ఎజ్రా లాథ్రప్ స్వహస్తాలతో’. ఈ పండుగ కాగానే ఆ బీరువా, ఆ చెక్కతో సహా, మ్యూజియానికి వెళ్ళిపోతుందని తెలిసింది. వెళ్ళిందంటే అమ్మ పేరు శాశ్వతంగా మట్టిలో కలిసినట్టే.

ఆ కబురు తెలిసిన సాయంత్రమే నా చిన్ననాటి నేస్తం డెల్బర్ట్ వచ్చాడు. కుర్రతనంలో లాథ్రప్ బట్టీలు ఖాళీ చేసినవాడు. వంటింట్లో కూర్చుని నేను కాల్చిన ‘ఆపిల్ పై’ ముక్క తింటున్నాడు.

“ఏమే వెర్నా, మొహం విరిగిన పాలలా పెట్టావేం?”

“గుర్తులన్నీ సానపట్టి చెరిపేశార్రా. ఏం చూపించి అడగను?”

“అన్నీ ఎక్కడే? బాగున్నవే కదా పట్టించింది! పగిలినదాన్ని కూడా సానపట్టడానికి ఆ ముసలాడికేమన్నా పిచ్చా? బట్టీలో బీటలిచ్చినవన్నీ తోపుడుబండిలో వేసుకెళ్ళి కార్ఖానా వెనక లోయలో పోసేది నేనేగా!”

కాఫీ పోస్తున్నదాన్ని పోస్తూనే ఉన్నాను. బల్లంతా కాఫీ.

“ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పవేంరా దున్నపోతా?”

“నువ్వడిగితే కదా! ఇంకో ముక్క పెట్టు, తవ్వడానికి బలం కావాలి.”

లోయలో ముళ్ళపొదలు కొట్టి తవ్వాం. వేళ్ళు తెగాయి. డెల్బర్ట్ తిట్టని దేవుడు లేడు. పెంకుల మధ్య నుంచి ఒక కొంగ కన్ను నన్ను చూసింది. పార పక్కన పడేసి చేత్తోనే మట్టి తీశాను. పెంకులతో పాటు విరిగిన సానరాయి ముక్క కూడా దొరికింది. దాన్నీ సంచిలో వేశాను.

పండుగనాడు హాల్లో వరసలో నిలబడ్డాను. పక్కన డెల్బర్ట్.

“వెర్నా గారూ! ఏం తెచ్చారు?” అన్నాడు ఎల్డన్.

“అది తర్వాత చూద్దువుగాని నాయనా. ముందు నా సందేహం తీర్చు. ఆ కొంగ జాడీలు మీ తాతవేనని ఎలా చెబుతావు? అడుగున సంతకం లేదుగా?”

జనం ముందు మాట్లాడటమంటే అతనికి మోజు. బీరువాలోంచి ఒకటి తీసి తిరగేశాడు. “అడుగు సానపట్టి ఉంది చూడండి. తాతగారికి పేరు మీద ఆశ లేదు, సంతకం తనే చెరిపేసుకున్నారు. ఇక ఈ కన్ను! రంగు వెయ్యకుండా మట్టి వదిలారు. ఇంకెవరికీ రాని పని ఇది.”

“కాస్త గట్టిగా చెప్పు బాబూ, వెనకవాళ్ళకి చెవుడు.”

“ఈ కన్ను ఎక్కడ కనిపించినా అది ఒక్క మనిషి పనే! ప్రమాణం చేసి చెబుతా!”

“విన్నావుట్రా డెల్బర్ట్?”

“నా చెవిటి చెవికి కూడా వినబడిందే.”

సంచిలోంచి జాడీ తీశాను. జిగురుతో అతికించింది, నడుముకు అడ్డంగా బీట. అదే కొంగ. అదే ఖాళీ కన్ను.

“తిరగెయ్యి,” అన్నాను.

తిరగేశాడు. సున్నా, దాని లోపల అక్షరం. గోటితో గీరి చూశాడు. గీతల నిండా మెరుగుపూత. కాల్చిన తర్వాత గీసిన గీతలోకి పూత దిగదని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. రెండోది తీసి పెట్టాను. మూడోది పెట్టాను. వరసలో ఉన్న ఒక ముసలావిడ “అయ్యో, ఇది ఓటిలీ గుర్తు కదూ!” అంది.

ఎల్డన్ మొహానికి సున్నం కొట్టినట్టయింది. గొంతు తగ్గించాడు. “వెర్నా గారూ, పక్క గదిలోకి రండి, మాట్లాడుకుందాం. చెక్క మీద ఇద్దరి పేర్లూ రాయిస్తాను.”

“మీ తాత సానపట్టినప్పుడు మా అమ్మ పేరు సగం వదిలాడా?”

డెల్బర్ట్ అప్పటికే చెక్క దించి బల్ల మీద పెట్టాడు. దాని మీద సానరాయి ముక్క పెట్టాను.

“చెరుపు.”

“మనిషిని పిలిపిస్తాను.”

“ఉహూ. నువ్వే.”

అతను జనం వైపు చూశాడు. చూసి చెప్పమని జాడీలు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద నుంచి ఎవరిది వాళ్ళు తీసేసుకుంటున్నారు. ఇక ఈ ఊళ్ళో తన మాట ఎవరూ నమ్మరని అప్పుడు అర్థమైంది అతనికి. కోటు విప్పాడు. రాయి తీసుకున్నాడు.

బంగారు రంగు రేగింది. గాలికి జాడీలు దొర్లుతాయని పొద్దున అతనే కిటికీలన్నీ మూయించాడు. జులై ఉక్క. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. దుమ్ము గొంతులోకి వెళ్ళి దగ్గాడు. ఆగకుండా దగ్గాడు.

“కాస్త... కిటికీ తెరుస్తారా?”

“మా అమ్మ అడిగిందీ అదే,” అన్నాను.

కిటికీకి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఇంకా ఎజ్రా మిగిలాడు. కానియ్యి.”