మబ్బు లేదు

గుమ్మటం తిరిగే ఇనుప పట్టాల మీది దుమ్మును కుళ్ళాయప్ప కిరోసిన్ గుడ్డతో తుడుస్తున్నాడు. గుత్తి అవతల గుట్ట మీదున్న ఆ చిన్న వేధశాలలో ఇరవై రెండేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. వంగిన నడుం, పగిలిన మడమలు, మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు. రాత్రిపూట గుమ్మటం తెరవడం, గంటకోసారి ఆకాశం చూసి రిజిస్టరులో రాయడం అతని ఉద్యోగం. పెన్ను మాత్రం నొక్కి నొక్కి రాస్తాడు, ఒకప్పుడు నాగలి మేడి పట్టిన చెయ్యి కదా.

పదింటికి శాస్త్రవేత్త పద్మప్రియ పైకొచ్చింది. మూడేళ్లుగా ఆమె ఒకే నక్షత్రం వెంట పడింది. అది ఒకటి కాదు, జంట అని ఆమె అనుమానం. అందులో ఒకటి మండి చల్లారిన శ్వేత కుబ్జం, మహా అయస్కాంతం. పక్కదాని ఒంట్లోని పదార్థాన్ని లాగేసుకుంటుంది. ఆ లాగుడు ఆగితే వెలుగు పడిపోవాలి. పోయిన వారం మూడు రాత్రులు పడిపోయింది కూడా. అయితే ఇక్కడి పాత యంత్రం ఒకసారికి ఒక్క నక్షత్రాన్నే కొలుస్తుంది, పక్కవాటితో పోల్చి చూసే వీల్లేదు. పల్చటి మబ్బు అడ్డొచ్చినా వెలుగు అలాగే తగ్గుతుంది.

“పెద్దోళ్లు నమ్మడం లేదన్నా. ఆ మూడు రాత్రులు మబ్బు పట్టిందని రిజిస్టర్లో దిద్దు, ఆ కొలతలు కొట్టేద్దాం.”

“మబ్బు లేదమ్మా.”

“పల్చగా ఉండి నీకు కనపడలేదేమో.”

కుళ్ళాయప్పకు ఒళ్లు మండింది. “నాకా? మబ్బు కోసం తలెత్తి చూసి చూసి పదకొండు పంటలు పోగొట్టుకున్న్యా. లేనిదాన్ని ఉండాదని నేను రాయను. కావాలంటే పనిలోంచి తీసేయమను.”

రిజిస్టరు లాక్కుని, నడుస్తున్న పేజీ అడుగున మూడు తేదీలకూ మూడు వరసలు, కాగితం చిరిగేంత గట్టిగా మళ్లీ రాశాడు. మబ్బు లేదు. మబ్బు లేదు. మబ్బు లేదు.

ఆమెకు కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. కిందికి పోయి, ఉపగ్రహ దుర్భిణి నడిపేవాళ్లకు ఆ మూడు రాత్రుల కొలతలు అడుగుతూ మరో మెయిలు పెట్టింది. మబ్బులకు ఎంతో పైన తిరిగే ఆ దుర్భిణి అవే రాత్రులు అదే నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలను కొలిచింది.

మధ్యాహ్నం కుళ్ళాయప్ప సంగటి, చెనక్కాయల పచ్చడి తిని గుమ్మటం నీడలో తువ్వాలు పరుచుకున్నాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. పట్టాలు తుడిచినందుకేలే అనుకుని కళ్లు మూసుకున్నాడు.

నాలుగున్నరకు జవాబొచ్చింది. ఆ మూడు రాత్రులూ ఎక్స్‌రే కిరణాలు కూడా పడిపోయాయి. పద్మప్రియ మెట్లన్నీ పరుగున ఎక్కింది. “నువ్వే గెలిచినావన్నా,” అంటూ తట్టి లేపబోయింది. అతని చెయ్యి చల్లగా ఉంది.

శింగనమల నుంచి వచ్చిన అతని భార్య మారెక్క పొద్దున జరిగిందంతా వింది.

“మాట మార్చినాడా?”

“మార్చలేదక్కా.”

“అట్లయితే సరే,” అని భర్త మొహం మీద పడిన దుమ్మును కొంగుతో తుడిచింది.

అతన్ని తీసుకుని మారెక్క వాళ్లు వెళ్లేసరికి రాత్రయింది. పద్మప్రియ గుమ్మటాన్ని తనే తెరిచింది. బయటికొచ్చి ఆకాశమంతా చూసింది. రాయడానికి రిజిస్టరు పేజీ తిప్పింది. కొత్త పేజీలో సిరా లేదు. అతని పెన్ను నొక్కుడుకు మూడు వరసలు అచ్చు పడి ఉన్నాయి, వేలితో తడిమితే తెలిసేంత లోతుగా.