ఆగమన్న గొంతు

ఏరా మేనల్లుడా, దేవుడు నీ జీవితం మొత్తం మ్యాపు గీసి చేతికిస్తే తప్ప మంచం దిగనని కూర్చున్నావంట. మీ అమ్మ చెప్పిందిలే. దిగకు, మంచానికి కూడా తోడు కావాలిగా. పడుకునే విను. పోయిన నెల మా కుట్టు షాపులో జరిగిన ముచ్చట చెప్తాను.

మా మామగారు పోయాక షాపు మా అత్తగారిది అయింది. అందులో మేం ఇద్దరు అల్లుళ్ళం దర్జీలం. పెద్దల్లుణ్ణి నేను. చిన్నల్లుడు నా తోడల్లుడు. వాడికి నేను పెట్టిన పేరు నిదానం. ఏ పనైనా మొదలెట్టే ముందు కళ్ళు మూసుకుని "ప్రభువా, ఇప్పుడేం చెయ్యమంటావో అది చెప్పు చాలు, తర్వాతది తర్వాత" అంటాడు. ఒక ముక్క కోస్తాడు, కచ్చా కుట్టు వేస్తాడు, మనిషికి తొడిగి చూస్తాడు, అప్పుడు గానీ ఇంకో ముక్క కొయ్యడు. చూసేవాళ్ళకి నిద్రొస్తుంది. అయినా గిరాకీలంతా వాడికోసమే కాచుకుంటారు. అత్తగారు టీ పోస్తే వాడి గ్లాసు నిండుగా, నాది గొంతు దాకా. మా ఆవిడ కూడా "మా మరిదిని చూసి కాస్త నేర్చుకోండి" అంటుంది. నా కడుపులో అప్పటికే పొయ్యి ఉంది, ఈవిడ కట్టెలు ఎగదోస్తుంది.

అలాంటి రోజుల్లో చర్చి పాటల బృందానికి వెల్వెట్ గౌన్లు కుట్టమని పాస్టరుగారు ఆర్డరిచ్చారు. అత్తగారు వెల్వెట్ బట్ట తానుని రెండు సగాలు చేసి మా ఇద్దరికీ ఇచ్చింది.

"నాకు మోకాళ్ళు సహకరించట్లేదు. ఈ పని ఎవరు చక్కగా దించితే మీ మామ కటింగు బల్ల వాళ్ళది, షాపు పెత్తనమూ వాళ్ళదే" అంది.

ఆ బల్ల కోసం నేను ఎన్నేళ్ళుగా గుటకలు మింగుతున్నానో నీకేం తెలుసు.

మర్నాడు పొద్దున్నే వాడు వెనక గదిలో మోకరించాడు. ఆ గదికీ నాకూ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. నాకు చిలిపితనం పుట్టింది. గోడ సందుకు నోరు పెట్టి, గొంతు లావు చేసి, "కుమారుడా, ఇవాళ కత్తెర ముట్టకు. ఆగు" అన్నాను. అటునుంచి చిన్నగా ఏదో గొణుగుడు వినిపించింది. తర్వాత "సరే ప్రభువా" అన్నాడు. నవ్వాపుకోలేక నోట్లో జేబురుమాలు కుక్కుకున్నాను.

ఆ రోజంతా వాడు కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం తానును అడ్డంగా మడిచి, అన్ని గౌన్లకీ ఒకే ఊపులో కత్తెర తోశాను. వెల్వెట్‌కి నూగు ఉంటుందిరా, పిల్లి ఒంటి మీద వెంట్రుకలాగా. ఒక వైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. అడ్డంగా మడిచి కోస్తే ఒక పొరలో నూగు కిందికి, ఇంకో పొరలో పైకి వస్తుంది. ఇది నాకు తెలియక కాదు. నా కళ్ళు బట్ట మీద ఉంటే కదా, వాడి మీదున్నాయి.

మొదటి గౌను కుట్టి తగిలిస్తే ఎడమ సగం మెరుపు, కుడి సగం నలుపు. అత్తగారు దాన్ని వెలుగులోకి లాగి చూసింది.

"పెద్దల్లుడూ, ఇదేం గౌను? సగం మనిషి ఎండలో, సగం నీడలో నిలబడ్డట్టుంది" అంది.

అన్ని ముక్కలూ అంతే.

నిదానం లేచొచ్చి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ నిమిరాడు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. తర్వాత, కోయని తన తానులోంచి నా మెరుపు సగానికి జోడీగా ఇంకో మెరుపు సగం కోశాడు. కచ్చా కుట్టు వేసి తగిలించాడు. కుదిరింది. తర్వాత నా నలుపు సగానికి నలుపు జోడీ కోశాడు. అదీ కుదిరింది. అలా ఒక్కొక్కటే కోసుకుంటూ పోతే ఆడవాళ్ళకి మెరుపు గౌన్లు, మగవాళ్ళకి నలుపు గౌన్లు అయ్యాయి. ఒక్క ముక్క వృథా పోలేదు. పాస్టరుగారు "ఎంత బాగా ఆలోచించారండీ ముందే" అన్నారు.

"ముందేం ఆలోచించలేదండీ" అన్నాడు వాడు. దానికీ అందరూ మురిసిపోయారు. నిజం చెప్పినా మెచ్చుకోవడమే, చూడు నా ఖర్మ.

బల్ల వాడిదైంది. నాకు మిగిలింది ఒకటే సంతోషం, వీణ్ణి వెర్రివాణ్ణి చేశానని. అది కూడా దాచుకోలేక ఆ సాయంత్రం షట్టర్ దించుతూ వాణ్ణి కదిపాను.

"ఏం తమ్ముడూ, ఆ రోజు ఆగమని నీకు దేవుడే చెప్పాడంటగా?"

"చెప్పాడు అన్నయ్యా. కొంచెం బొంగురుగా చెప్పాడు. పాపం, దేవుడి నోట్లో వక్కపొడి ఉన్నట్టుంది."

వక్కపొడి నములుతున్న నా దవడ ఆగిపోయింది. "నేనని తెలిసే ఆగావా?"

"తెలిసింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ప్రార్థనలో అడిగాను, ఆగనా ప్రభువా అని. ఆగు అనే అనిపించింది మనసులో. ఒక్క రోజేగా అనుకున్నా."

"మరి నన్నెందుకు ఆపలేదురా?"

వాడు తాళం వేసి, తాళంచెవులు జేబులో పడేసుకున్నాడు.

"నేను చెప్పేదేముంది అన్నయ్యా. ఆగు అన్న మాట గోడ దాటి నా దగ్గరికొచ్చేలోపే మీ చెవిని దాటుకునే వచ్చిందిగా."