పది నిమిషాల వేడి

తిప్పన్న చేతివేళ్లకు స్పర్శ లేదన్న సంగతి దుకాణంలో నాకొక్కదానికే తెలుసు. ఆయన చెప్పలేదు. ఎదురుగా కూర్చుని పని నేర్చుకుంటూ నేనే గమనించాను. స్క్రూ వేళ్ల మధ్యకు వచ్చిందో లేదో ఆయన కళ్లతో చూసుకునేవాడు. షుగరు చాలా ఏళ్లుగా ఉందట.

రాయచూరులో తీన్ కందీల్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అది. పేరుకు లోకనాథ్‌ది, నిజానికి వాళ్లమ్మ కృష్ణాబాయిది. ఆమె పొద్దున్నే వచ్చి గల్లా దగ్గర కూర్చుంటుంది. ఆమె భర్త బతికున్నప్పటి నుంచీ తిప్పన్న అక్కడే పనిచేస్తున్నాడు. నేను బీఎస్సీ పాసై, ఆర్నెల్ల కిందట ట్రయల్ మీద చేరాను. మాది సింధనూరు వైపు కాలువ కింద, గోదావరి నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. మా నాన్న వీరబాబు అప్పటికే క్యాంపంతా చెప్పుకున్నాడు, అమ్మాయికి టౌనులో ఉద్యోగం వచ్చిందని.

ఎండాకాలం రాయచూరులో కంప్యూటర్లు వాటంతటవే ఆగిపోతాయి. మూత విప్పితే చాలావాటికి కారణం ఒకటే. ప్రాసెసర్‌కీ, దాని మీద కూర్చుని వేడిని లాగే హీట్‌సింక్‌కీ మధ్య పూసిన పేస్ట్ ఎండి సున్నంలా అయిపోతుంది. వేడి పైకి పోదు. పాతది తుడిచి కొత్తది పెట్టాలి. తుడవడానికి తిప్పన్న దూది వాడనిచ్చేవాడు కాదు, పోగులు మిగులుతాయని. ఉతికి ఉతికి మెత్తబడ్డ ధోవతి ముక్కల్ని స్పిరిట్‌లో తడిపి, ప్రాసెసర్ మీద అచ్చు అక్షరాలు కనబడేదాకా తుడవాలి. కొత్త పేస్ట్ కందిగింజంతే.

"గిది కందిగింజనా? పెండ్లిల నెయ్యి వడ్డిస్తున్నవా క్యాంపు పిల్లా?"

"తప్పైందండి."

"అండీ అనకు. చెవుల గోదారి నీళ్లు పడ్డట్లుంటది. ఉస్తాద్ అను."

కొన్ని రకాల ప్రాసెసర్లకు కింద వందలకొద్దీ సన్నటి పిన్నులుంటాయి. చల్లగా ఉండగా హీట్‌సింక్ లాగితే, ఎండిన పేస్ట్ పట్టు వదలక ప్రాసెసర్ కూడా దానితో ఊడి వస్తుంది. పిన్నులు వంగిపోతాయి. అందుకని ముందు మిషన్‌ను పది నిమిషాలు నడపాలి. పేస్ట్ కాస్త మెత్తబడ్డాక డబ్బా మూత తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి తీయాలి. వెనక గదిలో పది నిమిషాలు నడిపి తెచ్చి ఆయన ముందు పెట్టడం నా పని. ఆయన గిరాకీల ముందు హీట్‌సింక్ మీద వేళ్లు ఆనించి, తల వంచి మెల్లగా అడిగేవాడు.

"గరమైందా బిడ్డా?"

"అయింది ఉస్తాద్."

అప్పుడే ఆయన చెయ్యి కదిలేది.

ఒకరోజు లోకనాథ్ అడిగాడు. "చెయ్యి పెట్టేది ఆయన. మళ్ల నిన్ను అడుగుడేంది?"

యజమాని అడిగాడు, ఉస్తాద్ వేళ్లకు స్పర్శ లేదని చెప్పాను. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడమే నాకు తెలుసు. లోకనాథ్ తన చాయ్‌లో సగం నా గ్లాసులో పోశాడు.

ఆ తర్వాతి మంగళవారం ముదగల్ నుంచి అంబరీశ్ వచ్చాడు. పెళ్లి ఫోటోల స్టూడియో ఆయనది. సిస్టమ్‌ను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అది పిన్నులున్న రకం.

"తిప్పన్న కాక చెయ్యే పడాలె. వేరేటోళ్లు ముట్టుకోవద్దు," అన్నాడు.

వెనక గదిలోకి వెళ్లేసరికి లోకనాథ్ ఆ సిస్టమ్‌ను విప్పి ఎయిర్ కూలర్ ముందు పెట్టి ఉన్నాడు.

"ఆన్ చెయ్యకు."

"ఏంటండీ?"

"ఆయన్ని తీసేద్దామంటే, తిప్పన్న చేతుల ఒక్క మిషన్ ఖరాబైంది చూపియ్, గప్పుడు మాట్లాడు అన్నది అమ్మ. ఈ దుకాణంల ఇద్దరికి పని లేదు, ఒక్కరికే ఉంది. డిగ్రీ ఉన్నోళ్లను పెట్టుకుందామని నాకుంది. నీకు లేదా?"

"పాపమండి. ఆయనే నాకు నేర్పారు."

"నేర్సుకున్నవు గద. ఇంకేం పని ఆయనతోని?"

గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా పది నిమిషాలు నిలబడ్డాను. ఆన్ చేయకపోయినా ఆ లెక్క మాత్రం తప్పలేదు. తర్వాత తీసుకెళ్లి తిప్పన్న ముందు పెట్టాను.

ఆయన వేళ్లు ఆనించాడు. తల వంచాడు.

"గరమైందా బిడ్డా?"

"అయింది ఉస్తాద్."

 

ఆయన తిప్పాడు. కదల్లేదు. మణికట్టు విదిలించుకుని, "ముసలోన్నైన, బలం తగ్గింది," అని అంబరీశ్‌ను చూసి నవ్వాడు. వేడి మీదే ఉందన్న నమ్మకంతో ఈసారి గట్టిగా తిప్పి పైకెత్తాడు. టక్కుమంది. హీట్‌సింక్ అడుగున ప్రాసెసర్ అతుక్కుని వచ్చింది. ఒక పక్క పిన్నులు గాలివానకు పడిపోయిన వరిచేనులా ఉన్నాయి.

"అయ్యో కాకా! శనివారం ఆల్బం ఇయ్యాలె నేను!" అంబరీశ్ లేచి నిలబడ్డాడు.

కృష్ణాబాయి గల్లా దగ్గర నుంచి వచ్చింది. "సల్లగున్నదాన్ని గుంజినవా తిప్పన్నా?"

తిప్పన్న నా వైపు చూశాడు. "ఈ పిల్ల గరమైందన్నది" అంటే చాలు. కానీ ఆ మాట వెనకే నీ చెయ్యేమైంది అన్న ప్రశ్న వస్తుంది. అది ఆయనకు తెలుసు.

"గరమే ఉండెనమ్మా. నేనే పట్టి చూసిన. పేస్ట్ గట్టిగ పట్టుకుంది."

"నువ్వే పట్టి చూసినవా?" అన్నాడు లోకనాథ్.

"హౌదు, నేనే."

"సరే. చాయ్ తాగు ఉస్తాద్. దిమాగ్ సల్లబడ్తది."

పక్క హోటల్లో మరుగుతున్న చాయ్‌ను స్టీలు గ్లాసులో పోయించి, మడత పెట్టిన పేపరుతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అలాంటి గ్లాసును మేమంతా అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటాం. తిప్పన్న చూపు ఇంకా ఆ పిన్నుల మీదే ఉంది. గ్లాసు నడుమును పిడికిలి నిండా పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. పొగలు లేస్తున్నాయి. 

"కాకా, చెయ్యి..." అన్నాడు అంబరీశ్.

అప్పుడు చూసుకున్నాడు. గ్లాసు దించి, వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని "ఉఫ్, ఉఫ్" అని ఊదుకున్నాడు.

లోకనాథ్ పగలబడి నవ్వాడు. "చూడమ్మా! ఇప్పుడు ఊదుతుండు. పాపం, ఎవరన్న చెప్తేగాని తెల్వలే కాలుతున్నదని!"

కృష్ణాబాయి నవ్వలేదు. చాలాసేపు ఆ చేతినే చూసింది. "నాకు చెప్పకపోతివి తిప్పన్నా. రేపట్నుంచి రాకు. ఇంట్ల ఉండు," అని వెళ్లి గల్లా దగ్గర కూర్చుంది.

ఆయన ధోవతి ముక్కలన్నీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బయట కుళాయి దగ్గర నేను చెంబుతో నీళ్లు పోశాను. ఎండలో చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కళ్లు సరిగా ఆనడం లేదేమో, నా ముందుకు చాచాడు.

"కాలిందా బిడ్డా?"

మూడు వేళ్ల మీద చర్మం అప్పటికే తెల్లగా ఉబ్బుతోంది.

"కాలింది ఉస్తాద్. ఆస్పత్రికి వెళ్లండి."

"నిజమేనా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నేను తల ఊపాను. ఆయన ఇంకొకసారి చెయ్యి చూసుకుని, దారిన పోతున్న ఒకాయన్ని ఆపి, "అన్నా, గిది కాలిందా జర చూడు," అన్నాడు.

ఇప్పుడు తిప్పన్న కుర్చీ నాది. ట్రయల్ అయిపోయింది. పిన్నులున్న మిషన్ వస్తే వెనక గదిలో నేనే పది నిమిషాలు నడిపి, వేలు ఆనించి చూసి, తెచ్చి బల్ల మీద పెట్టుకుంటాను.

"గరమైందా?" అని లోకనాథ్ తన కుర్చీలోంచే అడుగుతాడు.

"అయిందండి," అంటాను.

ఆయన లేచి వచ్చి, తన వేలు పెట్టి చూసుకుని వెళ్తాడు.