మెరవణిలో ఇంగ్లీషు పాట

ఎనభై నాలుగులో మా పాప పెండ్లి పుంగనూరులో మా ఇంటి ముందరే జరిగింది. పెండ్లికొడుకుది కుప్పం. వాళ్ళ మెరవణి ఊరేగి వచ్చేటప్పుడు నేను ఎదురు పోకూడదు కాబట్టి వంటింట్లోనే కూర్చున్నాను. చూడలేకపోయినా వినవచ్చని, ఒక ఇంగ్లీషు పాట తప్పక వాయించమని బ్యాండు అలావుద్దీన్‌కు ముందే చెప్పి పెట్టాను.

అలావుద్దీన్ బ్యాండుసెట్‌లో మా ఆయన క్లారినెట్ వాయించేవాడు. బెంగుళూరు నుంచి ఎవరో తెచ్చిన టేపు విని ఆ ఇంగ్లీషు పాట పట్టుకున్నది ఆయనే. మాటలు ఎవరికీ తెలియవు. పెండ్లికొడుకు నడకకు సరిపోయే నెమ్మదైన రాగమని ప్రతి పెండ్లికీ అదే వాయించేవాళ్ళు. ఆయన మదనపల్లె ఆసుపత్రిలో పోయి అప్పటికి ఏడాది దాటింది.

పాట మొదలై వీధి మలుపులోనే ఆగిపోయింది. కాసేపటికి పెండ్లికొడుకు తల్లి రాజేశ్వరమ్మ, ఆమె అల్లుడు శ్రీరాములు, వెనకాల అలావుద్దీన్ వంటింటి గడప దాకా వచ్చారు. బెంగుళూరులో చదివిన శ్రీరాములు అది సావు పాట అన్నాడట. ఆ పాటతో మెరవణి అడుగు కూడా కదలదని రాజేశ్వరమ్మ అంది. అడిగింది నేను కాబట్టి నేను చెప్తేనే ఆపుతానన్నాడు అలావుద్దీన్.

"నీ పెండ్లికీ ఇదే గదప్పా వాయించినాం. బాగానే ఉండావే," అన్నాడు శ్రీరాములుతో.

"ఆ సంగతి నా కూతుర్ని అడుగు," అంది రాజేశ్వరమ్మ.

పాటలో ఏముందో చెప్పమని శ్రీరాములును అడిగాను. దాన్ని కట్టినవాళ్ళు నలుగురు స్నేహితులట. వాళ్ళలో డ్రమ్ము వాయించేవాడు ఉన్నట్టుండి చనిపోతే, మిగిలినవాళ్ళు అతనికి చెప్పుకునే మాటలేనట. ఏడుపేమీ లేదు. వాన పడింది, టీ కాచినాం, నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అంతే.

ఏడాదిగా నేనూ మా ఆయనకు ఇట్లాంటివే చెప్తున్నాను. ఆవు ఈనింది, ఇంటి వెనక గోడ పడింది, పాపకు సంబంధం కుదిరింది.

పక్క గదిలో పాప వింటున్నట్టుంది, గాజుల చప్పుడు ఆగిపోయింది.

"వద్దులేప్పా. సినిమా పాట ఏదన్నా వాయించు," అన్నాను.

మెరవణి కదిలింది. తాళి కట్టేటప్పుడు కూడా నేను వంటింట్లోనే ఉన్నాను. సాయంత్రం పాపను కుప్పం బస్సు ఎక్కించి వచ్చేసరికి బ్యాండువాళ్ళు భోజనానికని పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు.

"ఇప్పుడు వాయించప్పా," అన్నాను అలావుద్దీన్‌తో. "సావు చూసిన ఇల్లే గదా. ఎవరేమంటారు?"

తడి చేతులు తుడుచుకుని వాయించారు. ఏడుపు వస్తుందేమోనని గోడకు ఆనుకుని నిలబడ్డాను. రాలేదు. పాట అయిపోయాక లోపలికి పోయి విస్తర్లు తెచ్చాను.