మూడో కౌంటర్ అక్క అడ్రస్

ఒక బల్బు కొనుక్కోవడానికి వెళ్ళినవాణ్ణి నిలబెట్టి "మీ మెయిల్ అడ్రస్ చెప్పండి" అని అడగడమేమిటో, తెలియక అడుగుతాను. బల్బు ఇంటికి చేరాక షాపుకి క్షేమ సమాచారం పంపుతుందా? కొన్నవాడు వెలిగించుకుంటాడు, మాడిపోతే మళ్ళీ వస్తాడు. మధ్యలో ఈ ఉత్తర ప్రత్యుత్తరాలేమిటి?

అయినా ఆ కరెంటు సామాన్ల షాపులో మూడో కౌంటర్ దగ్గర కూర్చునే ఆమెని మాత్రం ఏమీ అనకండి. అడగమన్నది ఆమె కాదు, హెడ్డాఫీసు వాళ్ళు. ఫోనుకి మెసేజీ పంపితే ఖర్చు, మెయిలు పంపితే ఉచితం అని కనిపెట్టారు మహానుభావులు. అంతే, ప్రతి కౌంటర్లోనూ పదిమందిలో ఎనిమిదిమంది మెయిల్ అడ్రస్ రాయాల్సిందేనని నియమం పెట్టారు. మేనేజరు ఆ నియమాన్ని పొద్దున తాళాలు తీసేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం భోజనాల ముందు ఒకసారి, షట్టర్ దించేటప్పుడు ఒకసారి వల్లించేవాడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని "ఎనిమిది సార్" అనేవాళ్ళు. మూడో కౌంటర్ ఆమెని మాత్రం ఎదురుగానే "అక్కా" అనేవాళ్ళు, ఎనిమిది సార్‌తో సహా. ఆయనకంటే ఆమె వయసులో పెద్దది, ఓపికలో ఇంకా పెద్దది.

అడగ్గానే అందరూ ఇస్తారా? కొందరు ముఖం మాడ్చుకుంటారు. కొందరు వినబడనట్టు సంచీ సర్దుకుంటారు. అలాంటివాళ్ళ బిల్లుల్లో మిగతా కౌంటర్ల అమ్మాయిలు నోటికొచ్చిన అక్షరాలేవో కొట్టి పడేసేవాళ్ళు. అక్కకి అది చేతకాలేదు. లేని మనిషిని సృష్టించి రాయాలంటే ఆమెకి వేళ్ళు ఆడేవి కావు. అందుకని ఎవరు వద్దన్నా తన సొంత మెయిల్ అడ్రసే రాసేది. "ఇదైతే నిజంగా ఉన్నదే కదా" అని మనసుకి సర్దిచెప్పుకునేది. తప్పే అనుకోండి. కానీ తప్పు చేసినా ఒక పద్ధతిగా చేసే మనిషి.

దాని ఫలితం ఆమె ఫోను అనుభవించేది. ఇస్త్రీపెట్టెల మీద తగ్గింపు, ఫ్యాన్ల మీద తగ్గింపు, "ప్రియమైన కస్టమర్, మీరు మాకెంతో ముఖ్యం" అంటూ రోజుకో కట్ట వచ్చి పడేది.

"అమ్మా, నీ మెయిలు చెత్తకుండీ కంటే అన్యాయంగా ఉంది. మొత్తం ఒక్కసారి తుడిచి పారేయనా?" అనేది కాలేజీ చదువుతున్న కూతురు.

"ఉండనీయవే, నీ సొమ్మేం పోయింది? ఎవరెవరి పేరునో వచ్చినవి. తుడిచేయడానికి మనమెవరం?" అని కసిరేది అక్క. ఆ మాట అన్నందుకు తరవాత తన నోటికి తనే దణ్ణం పెట్టుకుంది.

ఆ శుక్రవారం పొద్దున టీ తాగుతూ ఫోను చూసుకుంటే ఒకే ఉత్తరం ఏడుసార్లు వచ్చి ఉంది. ఇదీ తగ్గింపు గొడవే అనుకుని తెరిచింది. "మీరు మా దగ్గర కొన్న గది హీటరులో లోపం ఉన్నట్టు తేలింది. వైరు వేడెక్కి మంట అంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే ప్లగ్గు తీసేసి, హీటరు షాపుకి తెచ్చి కొత్తది తీసుకెళ్ళండి." కింద ఒక్కోదానికీ ఒక్కో బిల్లు నంబరు, తేదీ.

హీటర్లు పెట్టింది మూడో కౌంటర్ పక్కనే. చలి మొదలయ్యాక అమ్మినవన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. అడ్రస్ ఇచ్చినవాళ్ళకి ఈపాటికి కబురు అందే ఉంటుంది. ఇవ్వని ఏడుగురి కబురు మాత్రం తన ఒళ్ళో పడి ఉంది.

ఏడో ఉత్తరం తేదీ చూశాక ఇంక కూర్చోలేకపోయింది. మొన్న సాయంత్రం నాటి బిల్లు అది. ఆ మనిషి కళ్ళముందు కదిలాడు. గోళ్ళనిండా రంగు, చెవి మీద కూడా బూడిదరంగు చుక్క. హీటరు ఏరి ఇచ్చింది తనే. తీరా మెయిల్ అడిగేసరికి అంతెత్తున లేచాడు.

"మెయిలూ లేదు, గియిలూ లేదు తల్లీ! ఎనిమిదో నెలకే పుట్టేసింది నా కూతురు, పిడికెడంత ఉంది. రేపు ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తున్నాం, గది వెచ్చగా ఉంచమన్నారు. అక్కడ గోడ మీద చూస్తే ఏనుగు బొమ్మకి ఇంకా తొండమే పెట్టలేదు. పొద్దున పిల్లలొచ్చి ఇదేం పంది అని అడుగుతారు. నీకు నా మెయిల్ కావలసివచ్చిందా? నన్నొదిలెయ్యి!"

కప్పు అలాగే వదిలేసి చెప్పులేసుకుంది అక్క.

ఎనిమిది సార్ అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. ఊపిరి తిరగకుండా జరిగిందంతా చెప్పేసింది. తన అడ్రస్ రాసిన సంగతీ దాచలేదు. దాస్తే ఈ ఏడు ఉత్తరాలు తన ఫోనులో ఎందుకున్నాయో చెప్పేదెలా?

ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నియమం పెట్టిన రోజు నుంచి సార్."

"అక్కా! ఇది పైకి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా? నాది ఉంటుందా?"

"పోతే పోనివ్వండి సార్, ముందు ఆ పసిగుడ్డు సంగతి చూడండి. హీటరు ఏరి ఇచ్చింది నేను. దానికేమన్నా అయితే నేను అన్నం ఎలా తింటాను?"

ఎనిమిది సార్ షట్టర్ పూర్తిగా పైకి నెట్టాడు. లోపలికెళ్ళి హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తాడు, నా పని అయిపోయింది అనుకుంది అక్క. ఆయన నిజంగానే లోపలికెళ్ళాడు. స్కూటర్ తాళం, రెండు హెల్మెట్లు పట్టుకుని బయటికొచ్చాడు.

"ఎక్కు. పేర్లు లేవు, ఫోన్లు లేవు, ఇళ్ళెక్కడో తెలీదు. ఎటు పోనివ్వను?"

అక్కడే అక్క గొప్పతనం బయటపడింది. అడగ్గానే అడ్రస్ ఇచ్చి వెళ్ళినవాడు ఒక్కడూ ఆమెకి గుర్తులేడు. ఇవ్వనన్నవాళ్ళు మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారు! ఎందుకంటే ఊరికే వద్దని ఎవరూ అనరు. ఎందుకు వద్దో చెప్పకపోతే మనవాళ్ళకి అన్నం అరగదు. "రోజంతా బడి గేటు దగ్గర కూర్చునేవాణ్ణి, నాకెవరమ్మా మెయిల్ రాసేది?" అన్నాడు ఒక వాచ్‌మన్. "మా కుట్టుమిషన్ల సందులో కరెంటే సరిగ్గా ఉండదు, మెయిలెక్కడిది?" అంది ఒక దర్జీ ఆవిడ. "అవన్నీ మందులషాపు మనవడికే తెలుసు" అంది ఒక బామ్మ. సంజాయిషీ అనుకుని చెప్పారుగానీ, అందరూ తమ తమ గుమ్మాలు చూపించి పోయారు.

ముందు ఏనుగు కోసమే బయల్దేరారు. రంగుల దుకాణంలో అడిగితే, గోడబొమ్మలు వేసేవాళ్ళు నలుగురున్నారు, ఎవరెక్కడ పనిచేస్తున్నారో మాకేం తెలుసు అన్నారు. దార్లో మూడు బళ్ళ గోడలు చూశారు. ఒకదాని మీద కుందేళ్ళు, ఒకదాని మీద ఎక్కాలు, ఒకదాని మీద ఏమీ లేదు. మూడో బడి గేటు దగ్గర ఆ వాచ్‌మన్ దొరికాడు. అప్పటికప్పుడు గదిలోకి పరిగెత్తి ప్లగ్గు పీకి వచ్చాడు. కుట్టుమిషన్ల సందు దారిలోనే తగిలింది. దర్జీ ఆవిడ హీటరు ఆపేసి అక్క రెండు చేతులూ పట్టుకుంది. "నా కోసం వెతుక్కుంటూ వచ్చావా తల్లీ!" అని ఆమె అంటుంటే, నిలబడి ఆ మాట పూర్తిగా వినడానికి కూడా అక్కకి తీరిక లేకపోయింది. ఇంకో ముగ్గురు ఫలానా చోట దొరుకుతారని ఎనిమిది సార్ షాపుకి ఫోన్ చేసి చెబితే, మిగతా కౌంటర్ల అమ్మాయిలు తలా ఒక దిక్కుకి పరిగెత్తారు.

మందులషాపు మనవడు వాళ్ళని పక్కనే ఉన్న ఇంటికి తీసుకెళ్ళాడు. బామ్మ హీటరు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మనవడు గబుక్కున ప్లగ్గు లాగేశాడు.

"ఎంత మంచిదానివమ్మా! కూర్చో, టీ పెట్టిస్తాను" అంది బామ్మ.

"లేదు బామ్మా, కూర్చునే వేళ కాదు. ఏనుగు బొమ్మ వేసే ఆయన కోసం వెతుకుతున్నాం. పసిపిల్లున్న ఇల్లు."

"ఏనుగా? మా బుడ్డోడి బడి గోడ మీద వేస్తున్నారే! నిన్నటిదాకా పంది, పంది అని ఇల్లు ఎగరగొట్టాడు వెధవ. రాత్రే తొండం వచ్చిందంటున్నాడు. నీళ్ళ ట్యాంకు వెనక వీధి."

అక్కకి ఆ బామ్మ కాళ్ళమీద పడాలనిపించింది. పడే తీరికెక్కడిది? స్కూటర్ ఎక్కేసింది.

గోడ పొడవునా నీలంరంగు ఆకాశం. తొండం ఎత్తి నిలబడ్డ బూడిదరంగు ఏనుగు. దాని పక్కన నిచ్చెన మీద ఆ మనిషి జిరాఫీకి మచ్చలు పెడుతున్నాడు. కిందికి చూసి అక్కని గుర్తుపట్టాడు. కుంచె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఓరి దేవుడా! మెయిల్ కోసం ఇక్కడిదాకా వచ్చావా? నీ పట్టుదల పాడుగానూ!"

"మెయిలొద్దన్నా! ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. హీటరు ఆపమను. వైరు అంటుకుంటుందట!"

అతను నిచ్చెన దిగాడో దూకాడో తెలీదు. రంగు చేతులతోనే ఫోన్ నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కాడు.

"పాప లేస్తుందని సౌండు తీసేసి ఉంటారు" అన్నాడు. "ఇల్లు వెనక సందులోనే. తలుపులన్నీ మూసి, లోపల హీటరు..."

"ఎక్కండి" అన్నాడు ఎనిమిది సార్. అక్కని రోడ్డుమీదే వదిలేసి స్కూటర్ దూసుకుపోయింది. అక్క చెప్పులు చేతపట్టుకుని వెనకాలే పరిగెత్తింది. నలభై ఏడేళ్ళ వయసులో అలా పరిగెత్తడం ఆమెకి అదే మొదటిసారి.

ఆమె చేరేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గదిలో రబ్బరు కాలిన వాసన. ఎనిమిది సార్ చేతిలో ప్లగ్గు, దాని రెండు కాళ్ళూ నల్లబడి ఉన్నాయి. వైరు తొడుగు మెత్తబడి ఉబ్బింది. దానికి జానెడు దూరంలో ఉన్న మంచం మీద దుప్పటి అంచు గోధుమరంగులోకి తిరిగింది. బాలింత మంచం మీదే లేచి కూర్చుంది, ఇంకా పూర్తిగా నిద్ర మత్తు వదల్లేదు. ఆమె తల్లి ఒళ్ళో పిడికెడంత పాప. లోకంలో ఏం జరుగుతోందో దానికేం తెలుసు, ఆవలించి మళ్ళీ నిద్రపోయింది.

అక్క గోడకి చేరగిలబడింది. కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. బతికించావు భగవంతుడా అని పైకే అనేసింది.

పెయింటరు గడప మీద కూలబడ్డాడు. అక్కవైపు తలెత్తి చూశాడు.

"ఆవేళ నిన్ను నానామాటలూ అన్నాను కదమ్మా."

"అనబట్టే కదన్నా దొరికావు! ఊరికే లేదని చెప్పి వెళ్ళిపోయుంటే నిన్ను ఎక్కడని వెతికేదాన్ని? నీ కోపానికే దణ్ణం పెట్టాలి నేను."

అతను నవ్వబోయి ఏడ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో ఎనిమిది సార్ స్కూటర్ మెల్లిగా నడిపాడు. షాపు నుంచి ఫోన్ వచ్చింది, మిగతా ముగ్గురికీ కబురు అందిందని. స్కూటర్ పక్కకి ఆపి విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, మిగతా కౌంటర్లలోలాగా నువ్వూ పిచ్చి అక్షరాలు కొట్టుంటే ఈ కబురు ఎవరికీ చేరేది కాదు. అలా కొట్టే పరిస్థితి తెచ్చింది నేనే. హెడ్డాఫీసుకి ఉన్నదున్నట్టు రాస్తాను."

"నా ఉద్యోగం సార్?"

"ఉద్యోగానికేం? రేపు టైముకి రా. కానీ ఇంకెప్పుడూ నీ అడ్రస్ రాయకు. ఇవ్వనంటే ఖాళీగా వదిలెయ్. పదికి రెండొచ్చినా పైవాళ్ళ మాటలు నేను పడతాను."

"అలాగే సార్" అంది అక్క. పదమూడేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. ఆ మనిషి తనకోసం ఒకరికి ఎదురు నిలబడతాడని ఏనాడూ అనుకోలేదు. హెల్మెట్ లోపల మళ్ళీ కళ్ళు తడయ్యాయి.

వారం తిరిగాక పెయింటరు కొత్త హీటరు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఈసారి వరసలో బుద్ధిగా నిలబడ్డాడు. పాప పావుకిలో పెరిగిందని ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ చెప్పాడు. అతని వంతు వచ్చింది. ఎనిమిది సార్ సరిగ్గా అక్క వెనకే నిలబడి ఉన్నాడు. అడగకపోతే నియమం ఒప్పదు.

"అన్నా, మెయిల్ అడ్రస్ ఏమన్నా..." అంది అక్క, గొంతు తగ్గించి.

"పోయినసారి ఏది రాశావు?"

"నాదే రాశాను."

"అయితే అదే రాయమ్మా. దానికి పంపింది నాకు భద్రంగా అందింది."

అక్క వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. మెల్లిగా తల తిప్పి చూసింది. ఎనిమిది సార్ తల పైకెత్తి, వేలాడదీసిన ఫ్యాన్లకేసి శ్రద్ధగా చూస్తున్నాడు. అక్క తన అడ్రస్ రాసి బిల్లు చేతికిచ్చింది.